మూడో రోజు నమూనా

పండరి మూడో గొట్టం మీద కూడా నంబరు చేత్తోనే రాశాడు. కంప్యూటర్‌లోంచి వచ్చే స్టిక్కర్లు పక్కనే ఉన్నాయి. కానీ మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో కొన్ని నెలలుంటే అవి చివర్లు లేచి ఊడిపోతాయని అతనికి తెలుసు. అందుకే ముందు పెన్నుతో రాసి, ఆరేదాకా ఊది, దాని మీద స్టిక్కర్ అంటిస్తాడు. 41-3-ఉ. నలభై ఒకటో మనిషి, ఆపరేషన్ అయిన మూడో రోజు, ఉదయం. గొట్టం మీద పేరు రాయకూడదు. పేరు ఫైలులో మాత్రమే ఉంటుంది, ఫైలు అల్మారీలో ఉంటుంది, అల్మారీ తాళంచెవి ఈ పరిశోధన నడిపే డాక్టర్ స్నేహలత దగ్గరొకటి, పండరి దగ్గరొకటి.

అప్పటికి ఏడుంబావు అయింది. గది చిన్నది. ఒక బల్ల, రక్తాన్ని గిరగిరా తిప్పి పైతేటను వేరుచేసే మిషను, మూలన ఆ ఫ్రీజరు. కిటికీ తెరిస్తే కింద ఆటోలు, ఇడ్లీ బండి, ఓపీ చీటీ కోసం అప్పుడే లైనులో నిలబడిన జనం. పండరి కిటికీ తెరవలేదు. ఐస్ డబ్బా మూతలో నీళ్లు తుడిచి, గొట్టాలు సర్ది, సూదులు లెక్క చూసుకుని లేచాడు.

అతనికి యాభై ఆరేళ్లు. సన్నటి మనిషి. ఎడమ భుజం కుడిదానికన్నా కొంచెం కిందికి ఉంటుంది. చిన్నప్పుడు మగ్గం గుంటలో ఒక పక్కకు ఒరిగి కూర్చున్న అలవాటు అది. వేళ్లు మాత్రం అతని ఒంటికి మించి పొడుగు. ఇరవై రెండేళ్లుగా ఇదే దవాఖానలో రక్తం తీస్తున్నాడు. రక్తం తీసేటప్పుడు జనం ముఖం అటు తిప్పుకుంటారు గనుక అతని ముఖం ఎవరికీ గుర్తుండదు. ఒకసారి కూరగాయలామె కొత్తిమీర కట్ట అందిస్తూ అతని వేళ్లు చూసి, "నువ్వు దవాఖానల రక్తం తీస్తవు గదా" అన్నది. వరంగల్ కరీమాబాద్‌లో ఇల్లు, భార్య సుగుణ, రోజూ వచ్చిపోయే టీవీఎస్ మోపెడ్. ఎవరైనా అడిగితే తన గురించి చెప్పడానికి అతని దగ్గర ఇంతకంటే ఎక్కువ ఉండదు. ఎవరూ అడగరు కూడా.

రెండో అంతస్తులో ఆపరేషన్ అయినవాళ్ల వార్డు. తలుపు తీయగానే నర్సు వినోద ఎదురొచ్చింది.

"పండరన్నా, ఇయ్యాల నీ నలభై ఒకటితోని అయితలేదు. పొద్దటి సంది ఒక్కటే కొట్లాట. ముక్కుల పైపు గుంజేసిండు. కాళ్లు తంతాండు, చేతులు ఇసురుతాండు. ఇగ సార్‌ను అడిగి చేతులు కట్టినం."

"నిన్న మంచిగనే ఉండె గదా."

"నిన్న నన్ను బిడ్డా అన్నడు. ఇయ్యాల నన్నే తన్నిండు."

నలభై ఒకటో మనిషి పేరు గుండయ్య. డెబ్బై రెండేళ్లు. కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. పెద్దపేగులో గడ్డ ఉంటే అయిదు గంటలు ఆపరేషన్ చేసి తీశారు. గడ్డ శుభ్రంగా వచ్చింది, కుట్లు బాగున్నాయి, మొదటి రెండు రోజులూ అడిగినవాటికి జవాబులు చెప్పాడు. మూడో రోజు తెల్లవారి లేచేసరికి మనిషి మారిపోయాడు.

పండరి మంచం పక్కన నిలబడి కాసేపు ఊరికే చూశాడు. ముసలాయన కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ గోడనూ మనిషినీ ఒకే తీరుగా చూస్తున్నాయి. మణికట్లకు మెత్తటి గాజుగుడ్డ చుట్టి మంచం కడ్డీకి కట్టారు. కట్టు ఇచ్చినంత మేర కుడిచెయ్యి పక్కకు పోయి వస్తోంది. ఎడమచెయ్యి ఒంటివైపు గుంజుతోంది. దుప్పటి కింద కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి కిందికి నొక్కుతున్నాయి. కుడికాలు, ఎడమకాలు. మళ్లీ కుడికాలు. మధ్యలో ఆగడం, మెడ వంచి దేన్నో పరీక్షగా చూడటం, మళ్లీ మొదలు.

"తంతలేడమ్మా," అన్నాడు పండరి.

"ఏంది?"

"తన్నుడు కాదు. నేస్తాండు."

వినోద మంచంవైపు చూసింది. ఒక నిమిషం తర్వాత ఆమెకూ కనబడింది.

పండరి వంగి ముసలాయన చెవి దగ్గర, మగ్గం చప్పుడులో మాట్లాడినట్టు కొంచెం గట్టిగా అన్నాడు. "కాకా, పోగు తెగింది. ఆపు."

కాళ్లు ఆగాయి. చేతులు ఆగాయి. గుండయ్య కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఏ పక్క?"

"ఎడమ పక్క. అంచు కాడ."

"అతుకు మరి. చూస్తవేంది?"

"నాకు దొరుకుతలేదు కాకా. నువ్వే జర చూడు."

వినోద తలూపితే పండరి ఎడమచేతి కట్టు విప్పాడు. ఆ చెయ్యి దుప్పటి అంచు మీదికి పోయి, రెండు వేళ్ల మధ్య ఏదో సన్నటిదాన్ని వెతకడం మొదలుపెట్టింది. వెతుకుతున్నంతసేపూ ముసలాయన కదలలేదు. పండరి కుడి మోచేతి మడతలో నరం చూసుకుని, "సురుక్కుమంటది" అని, సూది దించాడు. ముదురు రక్తం ఊదా మూత గొట్టంలోకి వచ్చింది. గుండయ్య అటు చూడనైనా లేదు. ఎడమచేతి వేళ్లు కనబడని పోగును మెలిపెడుతున్నాయి.

"అతికింది," అన్నాడు చివరికి.

"అతికింది కాకా. ఇగ పండుకో."

బయట బెంచీ మీద ముసలాయన కూతురు ప్రేమలత కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. భర్త పోయాక తండ్రి దగ్గరికే వచ్చేసింది. ఇంట్లో ఇద్దరే. ఆమె బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది, తీరిక దొరికితే తండ్రికి, మగ్గంలో అటూ ఇటూ పోయే నాడెలో పెట్టే దారం కండెలు చుట్టిపెడుతుంది. పండరి చేతిలో ఐస్ డబ్బా చూసి లేచి నిలబడింది.

"అన్నా, ఇగ రక్తం తీయొద్దు."

పండరి ఆగాడు.

"కాయిదం మీద నేనే సంతకం పెట్టిన. వద్దంటే ఎప్పుడైనా మానొచ్చని మేడం చెప్పింది. ఇగ నాకు వద్దు. ఈ సూదులతోనే మా బాపుకు గిట్లయింది."

"సరే అమ్మా. మేడంకు చెప్త. నువ్వు వద్దంటే ఎవరూ తీయరు."

అంత తొందరగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. తెచ్చిపెట్టుకున్న కోపం పోయి మళ్లీ బెంచీ మీద కూర్చుంది.

"నన్ను దొంగది అంటాండన్నా. 'నా బిడ్డను ఏడ దాసినవే' అంటాండు. నేనే బాపు, నేనే నీ బిడ్డను అని దగ్గరికి పోతే మొకం మీద ఉమ్మిండు. ఆపరేషన్ వద్దు వద్దన్నడు. కాళ్లు మొక్కి నేనే తోల్కచ్చిన. ఇగ లోపలికి పోను. నన్ను చూస్తేనే ఎక్కువైతాంది. ఏది ఉన్నా మీరే చూసుకోండ్రి."

పండరికి ఏదో చెప్పాలనిపించింది. కానీ రక్తం తీసిన గంటలోపు మిషనులో పెట్టాలి. "వస్తనమ్మా" అని మెట్లు దిగాడు.

మిషను పావుగంట తిరిగింది. ఆగాక గొట్టం తీసి వెలుగుకు పట్టి చూశాడు. కింద ఎర్రది, మధ్యలో దారమంత తెల్లగీత, పైన లేత పసుపు రంగు తేట. ఆ తేటలోనే డాక్టర్ స్నేహలతకు కావలసినది ఉంది.

మూడేళ్ల కింద ఈ పరిశోధన మొదలైన రోజు ఆమె ఈ గదిలోనే స్టూలు మీద కూర్చుని చెప్పింది. పెద్ద ఆపరేషన్ అయిన ముసలివాళ్లలో కొందరికి రెండో రోజో మూడో రోజో తికమక వస్తుంది. ఎక్కడున్నదీ తెలియదు, సొంతవాళ్లు శత్రువుల్లా కనబడతారు, లేనివి కనబడతాయి. మతి పోవడం కాదు అది. మెదడుకు తగిలిన దెబ్బ, చాలామందికి కొన్ని రోజుల్లో తగ్గుతుంది.

"నరాల లోపల సన్నటి పోగులుంటాయి పండరి గారూ. అవి దెబ్బతింటే వాటి తునకలు రక్తంలోకి వస్తాయి. చాలా కొద్దిగా. ఒంట్లో వాపు పెరిగితే రక్తంలో మరికొన్ని పదార్థాలు పెరుగుతాయి. వాటిని కొలిస్తే, ఈ తికమక ఎవరికి రాబోతోందో ముందే కొంత అంచనా వేయవచ్చేమో. వేయవచ్చేమో అంటున్నాను. వేయవచ్చు అనడం లేదు."

పండరి అప్పుడు ఒక్క ప్రశ్నే అడిగాడు. "అంటే మేడం, అప్పుడు వాళ్లు అన్న మాటలు... కావాలని అనరా?"

"ఏ మాటలు?"

"ఇంట్లోవాళ్లను తిట్టుడు. నువ్వెవడివి అనుడు."

"లేదు. జ్వరమొస్తే ఒళ్లు కాలుతుంది కదా, అది కావాలని కాల్చుకోవడం కాదు. ఇదీ అంతే. అప్పుడు ఇంటిమనిషి పక్కన ఉండటమే పెద్ద మందు. తెలిసిన గొంతు, కళ్లద్దాలు, పగటి వెలుతురు."

పండరి తలూపి, చేతులు కడుక్కునే సింకు దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాడు. నీళ్లు చల్లుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆమె ఫోనులో ఏదో చూసుకుంటూ అది గమనించలేదు.

పండరి తండ్రి వెంకటయ్య కూడా కొత్తవాడలో జంపఖానాలే నేసేవాడు. ముప్పై ఏళ్ల కిందట ఒక వానాకాలం పొద్దున కడుపులో పుండు పగిలి మగ్గం మీదే పడిపోయాడు. ఆపరేషన్ చేశారు. రెండో రోజు మధ్యాహ్నం పండరి జావ పట్టుకుని పోతే, "వీన్ని ఎవడు రానిచ్చిండు? నన్ను సంపుతందుకు వచ్చిండు వీడు. నా కొడుకును పిలువుండ్రి" అని వార్డంతా వినేటట్టు అరిచాడు. పైపులు గుంజాడు. జావ గిన్నె ఎగిరి పండరి ఛాతీ మీద పడింది. చుట్టూ మంచాలవాళ్లు చూస్తున్నారు. పండరికి అప్పుడు ఇరవై ఆరేళ్లు. తన తువ్వాలతోనే తండ్రి రెండు చేతులూ కలిపి మంచానికి కట్టాడు. కట్టి, "సావు మరి" అన్నాడు.

గాలి సోకిందని మేనత్త తాయెత్తు తెచ్చింది. నాలుగో రోజు పొద్దున వెంకటయ్య పోయాడు. స్నానం చేయించేటప్పుడు మణికట్ల మీద తువ్వాల ఒరుసుకున్న చారలు కనబడ్డాయి. పండరే నీళ్లు పోశాడు. తర్వాత మగ్గం మీద కూర్చోలేదు. ల్యాబ్ కోర్సు చదువుతానంటే, నౌకరీ దొరుకుతుందని అనుకున్నారు అందరూ. అదీ నిజమే. సుగుణకు కూడా మామ ఆపరేషన్ పడక పోయాడని మాత్రమే తెలుసు.

పసుపు తేటను పండరి చిన్న చిన్న సీసాల్లోకి తీశాడు. నాలుగు సీసాలు. ఒక్కో దాని మీదా నంబరు రాసి, ఊది, స్టిక్కర్ అంటించి, ఫ్రీజర్‌లో నలభై ఒకటో డబ్బాలో పెట్టాడు. ఫ్రీజర్ మూత తీసినప్పుడు తెల్లటి పొగ ముఖానికి తగిలింది. వీటిని ఇప్పుడే పరీక్షించరు. వంద మంది పూర్తయ్యాక అన్నీ కలిపి హైదరాబాద్ పంపుతారు. ఇంకా యాభై తొమ్మిది మంది కావాలి. ఫలితం ఏమిటో తెలిసేసరికి పండరికి రిటైర్మెంట్ కూడా అయిపోవచ్చు.

పన్నెండున్నరకు పైకి పోయాడు. ప్రేమలత అదే బెంచీ మీద, అదే మూల, మోకాళ్ల మీద సంచి పెట్టుకుని ఉంది. పండరి మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు. పేషెంట్ల తరఫువాళ్ల పక్కన కూర్చోవడం అతనికి అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక ఒళ్లో పెట్టుకున్నాడు.

"మేడంకు చెప్పిన. సాయంత్రం రక్తం తీయం."

ఆమె తలూపింది.

"మాదీ కొత్తవాడనే," అన్నాడు. "మా బాపు జంపఖానాలు నేసేటోడు. ఆయనకు కూడా కడుపు ఆపరేషనే అయింది. రెండో రోజు నన్ను గుర్తువట్టలే. సంపుతందుకు వచ్చినవ్ అన్నడు."

ఆమె అతనివైపు తిరిగింది.

"మల్ల మంచిగైండా?"

"కాలే."

ఎదురు గోడ మీద చేతులు కడుక్కునే విధానం ఆరు బొమ్మల్లో ఉంది.

"నేను చేతులు కట్టేసిన," అన్నాడు పండరి. "వీళ్లు మెత్తగ కట్టిండ్రు, డాక్టరును అడిగి కట్టిండ్రు. నేను నా తువ్వాలతోని కట్టిన. కోపంతోని. కట్టి బయట కూసున్న, నీ తీరుగనే. రెండు రోజులు లోపలికి పోలే. అది రోగమని నాకు ఎవరూ చెప్పలే. ముప్పై ఏండ్లాయె. ఇగో, మేడం ఈ పరిశోధన మొదలువెట్టినంక తెలిసింది."

కట్టాక తండ్రితో తాను అన్న మాట సంగతి అతను చెప్పలేదు.

"మీ బాపు తిట్టేది నిన్ను కాదు చెల్లె. బిడ్డను ఎవరో దాసిండ్రని కొట్లాడుతాండు. ఎవరికోసమని?"

ప్రేమలత కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది.

"పోతే మల్ల ఉమ్ముతడు."

"ఉమ్మొచ్చు."

"మరి ఏం జెయ్యాలె?"

"నేను బిడ్డను అని కొట్లాడకు. మగ్గం మీదున్నడు ఆయన. మగ్గం కాడ నువ్వు ఏం పని చేస్తవో అదే చెయ్యి. సంచిల కండ్లద్దాలుంటే పెట్టు."

ఆమె సంచిలో వెతికింది. అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, లేచింది. తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి లోపలికి పోయింది. పండరి అక్కడే ఉన్నాడు. అరుపు వినబడుతుందేమోనని చూశాడు. ఏదో మాట, గొణుగుడు, మళ్లీ ఏమీ లేదు. అప్పుడు లేచి టిఫిన్ డబ్బా తెరవడానికి కిందికి పోయాడు. సుగుణ పెట్టిన దొండకాయ కూర చల్లారి ఉంది. అంతా తిన్నాడు.

మూడు గంటలకు డాక్టర్ స్నేహలత రోజూ అడిగే ప్రశ్నలు అడగడానికి వచ్చింది. ప్రశ్నల కాగితం పట్టుకునే పని పండరిది. నలభై ఏళ్లు కూడా లేని ఆమె, నిద్ర చాలని కళ్లతో, అయినా ప్రతి మంచం దగ్గరా స్టూలు లాక్కుని కూర్చునే మాట్లాడుతుంది.

గుండయ్యకు రెండు చేతుల కట్లూ విప్పి ఉన్నాయి. కళ్లద్దాలు ముక్కు మీద కొంచెం వంకరగా ఉన్నాయి. మంచం అవతల ప్రేమలత నిలబడి, కుడిచేతిని గాలిలో చిన్న చక్రంలా తిప్పుతోంది. ఎడమచేతి రెండు వేళ్ల మధ్యనుంచి దారం పోతున్నట్టు పట్టుకుంది. ముసలాయన ఆ చేతినే చూస్తున్నాడు.

"సన్నగ సుట్టు," అన్నాడు. "లావైతే నాడెల పట్టది."

"సన్నగనే సుడుతాన."

డాక్టర్ పండరివైపు చూసింది. పండరి కాగితం వైపు చూశాడు.

"గుండయ్య గారూ, ఇప్పుడు ఎక్కడున్నారు?"

"మగ్గం గుంటల."

"ఏ నెల నడుస్తోంది?"

"సుగ్గి. కోతలు నడుస్తానయ్."

"నేను 'అ' అన్నప్పుడల్లా నా చెయ్యి నొక్కండి." ఆమె నిదానంగా అక్షరాలు చెప్పింది. అతను మొదటిసారి నొక్కాడు, తర్వాత మరిచిపోయాడు.

"రాయి నీళ్లలో తేలుతుందా?"

గుండయ్య మొదటిసారి తల తిప్పి ఆమెను సూటిగా చూశాడు. "ఏ రాయి?"

"ఏ రాయైనా."

"రాయి మునుగుతది. రామప్ప గుడి ఇటుకైతే తేలుతది."

ఆ ఇటుకలు నిజంగానే తేలుతాయి. వినోద నవ్వు ఆపుకోలేకపోయింది. ప్రేమలత చక్రం తిప్పుతున్న చెయ్యి ఆపి, నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో పండరికి తెలియలేదు. కాగితం మీద అవును, కాదు అని రెండే గడులున్నాయి.

"ఏం రాయాలె మేడం?"

"కాదు అని టిక్ పెట్టండి. పక్కన ఆ మాట కూడా రాయండి." డాక్టర్ కూడా నవ్వుతోంది. "ఇది హెచ్చుతగ్గులుగా ఉంటుందమ్మా," అన్నది ప్రేమలతతో. "తేటపడినట్టే ఉంటుంది, మళ్లీ మబ్బేస్తుంది. భయపడకండి. గుండయ్య గారూ, ఈమె ఎవరు?"

ముసలాయన ప్రేమలతను పైనుంచి కిందిదాకా చూశాడు.

"కండెలు సుట్టే ఆమె," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మంచిగ సుడుతాంది. మా బిడ్డ కూడ గట్లనే సుడుతది. మా బిడ్డ ఇంటికాడున్నది."

డాక్టర్ లేచింది. పండరి గడిలో కాదు అని టిక్ పెట్టాడు. ప్రేమలత చెయ్యి మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. గుండయ్య చెయ్యి చాపి, తిరుగుతున్న ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకున్నాడు.

"ఇగ సాలు బిడ్డా. అలిసిపోతవు."

వరంగల్‌లో పెద్దమనిషి ఏ ఆడపిల్లనైనా బిడ్డా అనే అంటాడు. నిన్న వినోదనూ అన్నాడు. ప్రేమలత మాత్రం ఆ మాటకు మంచం అంచున కూలబడినట్టు కూర్చుంది. అతను చెయ్యి వదలలేదు.

పండరి కాగితాలు సర్దుకుని వెళ్లబోతుంటే ఆమె పిలిచింది. "అన్నా, సాయంత్రంది తీసుకోండ్రి. అది ఇంకొకలకు పనికొస్తదంటివి గదా."

అతను ఆ మాట అనలేదు. డాక్టర్ అని ఉంటుంది. "సరే చెల్లె," అన్నాడు.

అయిదింటికి రావాలి. పండరి 41-3-సా అని రాసిన గొట్టంతో అయిదుకు అయిదు నిమిషాల ముందే వార్డు తలుపు తీశాడు. గుండయ్య మంచం చుట్టూ ఆకుపచ్చ తెర లాగి ఉంది. తెర కింద నుంచి ముగ్గురి చెప్పులు కనబడ్డాయి. ఎవరూ తొందరపడటం లేదు. అంతదాకా పనిచేసిన మిషన్ల వైర్లను ఒక కుర్రడాక్టరు చుట్టలు చుడుతున్నాడు.

వినోద వచ్చి మెల్లగా చెప్పింది. నాలుగుంబావుకు ఒక్కసారిగా ఊపిరి అందలేదన్నాడట. కూర్చోబెట్టారు, గాలి పెట్టారు, దాదాపు అరగంట ఛాతీ మీద ఒత్తారు. కాలినరంలో పేరుకున్న రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుందని డాక్టర్లు అంటున్నారు. రాకుండా మందు ఇస్తూనే ఉన్నారు. అయినా అప్పుడప్పుడు వస్తుంది. ఎవరూ ఏ పొరపాటూ చేయలేదు. నాలుగూ యాభైకి పోయాడు.

"ఆమె?"

"పక్కనే ఉన్నదన్నా. మేం పక్కకు జరుపుతే గని చెయ్యి ఇడిసిపెట్టలే."

ప్రేమలత బెంచీ మీద ఉంది. ఏడవడం లేదు. కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది. పండరి వచ్చి ఎదురుగా నిలబడితే తలెత్తింది.

"అన్నా, ఒక్కటి చెప్పు. నువ్వు అక్కడనే ఉంటివి గదా. నన్ను గుర్తువట్టిండా?"

అవును అంటే సరిపోయేది. అవును అనడానికి అతని నోట్లో మాట కూడా తయారుగా ఉంది. కానీ ముప్పై ఏళ్లుగా తనతో తాను ఎన్ని అబద్ధాలు చెప్పుకున్నాడో అతనికి తెలుసు. అవి ఏవీ ఎక్కువ రోజులు నిలబడలేదు.

"నాకు తెల్వది చెల్లె," అన్నాడు. "గుర్తువట్టిండని ఎట్ల అనాలె? గని పొద్దున దొంగదన్న మనిషే పగటిపూట నువ్వు అలిసిపోతవన్నడు. చెయ్యి పట్టిండు. పట్టినంక మల్ల కొట్లాడలే. అది నేను నా కండ్లతోని చూసిన."

ఆమె తన మణికట్టు వైపు చూసుకుంది. "బిడ్డా అన్నడు," అన్నది.

"అన్నడు. నేను విన్న."

ఆమె తలూపింది. కొంతసేపటికి కొత్తవాడ నుంచి నలుగురైదుగురు వచ్చారు. సంతకాలయ్యాయి. తెల్లగుడ్డ చుట్టిన గుండయ్యను లిఫ్టులో దించి బండి ఎక్కించారు. ప్రేమలత ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది. పండరి గేటు దాకా పోయాడు. బండి ఎంజీఎం చౌరస్తా వైపు తిరిగేదాకా నిలబడి లోపలికి వచ్చాడు.

వాడని గొట్టాన్ని డబ్బాలో పడేసి, చేతులు కడుక్కున్నాడు. మనిషి పోయినప్పుడు ఫైలు అదే రోజు మూయాలి. అల్మారీ తాళం తీసి నలభై ఒకటో ఫైలు బల్ల మీద పెట్టుకున్నాడు. చివరి పేజీలో తేదీ, సమయం, కారణం అన్న చోట డాక్టర్ చెప్పిన మాటలు రాశాడు. 'మూడో రోజు సాయంత్రం నమూనా' అన్న గడిలో 'తీయలేదు' అని రాశాడు. మధ్యాహ్నం ప్రశ్నల కాగితాన్ని వరుసలో గుచ్చడానికి వెనక్కి తిప్పుతుంటే ఆపరేషన్ ముందటి రోజు పరీక్ష పేజీలు వచ్చాయి. అవి డాక్టర్ కింద పనిచేసే అమ్మాయి చేయిస్తుంది. పండరి ఎప్పుడూ చూడడు. ఈ రోజు చూశాడు. తేదీ సరిగ్గా చెప్పాడు. ఊరు సరిగ్గా చెప్పాడు. వందలోంచి ఏడేసి తీసేయమంటే చివరిదాకా తీశాడు. అన్నిటికన్నా కింద, 'మీకు తోచిన వాక్యం ఒకటి రాయండి' అన్న గీత మీద నీలం బాల్‌పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలున్నాయి.

పండరి అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ఫైలు అల్మారీలో పెట్టలేదు. 'మేడం, ఈ పేజీ ఆయన బిడ్డకు చూపియ్యొచ్చా? ఒప్పుకుంటే నేనే పోయి చూపిస్తా' అని చిన్న కాగితం మీద రాసి పిన్ను కొట్టి, ఆ పేజీ పైకి ఉండేటట్టు తెరిచి, డాక్టర్ స్నేహలత బల్ల మీద పెట్టాడు. లైటు ఆర్పాడు, మళ్లీ వేశాడు. ఆమె రాగానే కనబడాలి.

'మేడం, నా బిడ్డ ప్రేమలత పొద్దటి సంది ఏం తినలే, మీరు చెప్తే తింటది' అని ఉంది ఆ గీత మీద, చివరి అక్షరం గీత దాటి అంచుదాకా పోయి. దాని పక్కన ఎర్ర సిరాతో, వాక్యానికి అర్థం ఉన్నందుకు, ఒకటికి ఒక మార్కు.